పాత కంప్యూటరులో లినక్స్ స్థాపన

పాత కంప్యూటరులో లినక్స్ స్థాపన అనగా ఒకరు వాడి విడిచిన కంప్యూటరులో, అంతవరకు ఉన్న నిర్వహణ వ్యవస్థకు బదులుగా గాని దానికి తోడుగా గాని, లినక్స్ నిర్వహణ వ్యవస్థను నెలకొల్పి వాడుకలోనికి తెచ్చుకొను పద్ధతి. లినక్స్ స్వేచ్ఛా సాఫ్టువేరు కాబట్టి దానికి వెల చెల్లించనవసరం లేదు. ఎన్ని యంత్రాలలోనైనా స్థాపించుకోవచ్చు, ఇతరులకు నకలు తీసి ఇవ్వవచ్చు. తక్కువ జ్ఞాపకశక్తి గల యంత్రాలలో కూడా పనిచేయు రూపాలు ఇందులో ఉన్నందున, పాత యంత్రాలకు ఇది అనువైనదిగా పేరు పొందినది. విండోస్‌కు అలవాటుపడిన వారికి మాత్రం మొదట కొన్ని రోజులు కొత్తగా తోచును.

== నేపథ్యం ==

కంప్యూటరు పాతబడుటకు రెండు కారణాలు కలవు. మొదటిది యంత్రభాగాలు అరిగిపోవుట. రెండవది, యంత్రము బాగానే ఉన్నప్పటికీ దానిలోని నిర్వహణ వ్యవస్థకు తయారీదారు మద్దతు ఆగిపోవుట. ఆచరణలో రెండవ కారణము చేతనే ఎక్కువ యంత్రాలు మూలబడుచున్నవి. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతును ముగించినది. 2021లో వెలువడిన విండోస్ 11కు కనీసం 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల నిల్వ, టీపీఎం 2.0 అను భద్రతా భాగము అవసరము. అందుచేత చక్కగా పనిచేయుచున్న అనేక యంత్రాలు ఈ కొత్త వ్యవస్థకు అర్హత కోల్పోయినవి.

మద్దతు ఆగిన వ్యవస్థకు భద్రతా సవరణలు రావు. సవరణలు లేని యంత్రాలకు కలుగు ముప్పు 2017 మే నెలలో ప్రపంచమంతటా వ్యాపించిన వాన్నాక్రై దాడిలో బయటపడినది. ఈ దాడిలో చిక్కిన యంత్రాలలోని ఫైళ్ళు తాళం పడిపోయి, వాటిని విడిపించుటకు సొమ్ము కోరబడినది. విండోస్‌లోని ఒక లోపాన్ని ఆసరాగా చేసుకొని వ్యాపించిన ఈ దాడికి ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా గురి అయినవి. ఆ లోపానికి సవరణ అంతకు రెండు నెలల ముందే విడుదలైనప్పటికీ, దానిని స్వీకరించని యంత్రాలు నష్టపోయినవి.

రెండవ చేతి విపణిలో లభించు యంత్రాలలో అనుమతి పత్రము లేని విండోస్ నకలు ఉండుట మరొక సమస్య. అట్టి నకలు చట్టవిరుద్ధమైనది. దానితో పాటు హానికర ప్రోగ్రాములు కూడా రావచ్చును. కొత్త యంత్రము కొనలేని విద్యార్థికి, చిన్న పాఠశాలకు లేక గ్రంథాలయానికి ఈ రెండు చిక్కులనుండి బయటపడుటకు లినక్స్ ఒక మార్గము.

సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు, చెన్నైలోని రిచీ వీధి, బెంగళూరులోని ఎస్.పి. రోడ్డు, ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ కంప్యూటరు విపణులుగా ప్రసిద్ధి పొందినవి. కార్యాలయాలు కొన్ని సంవత్సరములు వాడి తొలగించిన డెల్, హెచ్‌పీ, లెనోవో యంత్రాలు ఇట్టి విపణులలో లభించును.

== లినక్స్ సంక్షిప్త చరిత్ర ==

అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ అందరూ స్వేచ్ఛగా వాడుకొనదగిన నిర్వహణ వ్యవస్థను నిర్మించు ఉద్దేశముతో 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించెను. ఫిన్లాండులోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నెలును రచించెను. కెర్నెలు అనగా యంత్రభాగాలకు, ప్రోగ్రాములకు మధ్య నిలిచి పని జరిపించు కేంద్రభాగము. 1992లో అది గ్నూ సార్వజనిక లైసెన్సు క్రిందికి వచ్చినది. ఈ కెర్నెలు, గ్నూ ప్రోగ్రాములు కలిసి సంపూర్ణ వ్యవస్థగా ఏర్పడినందున కొందరు దీనిని గ్నూ/లినక్స్ అని పిలుచుదురు.

కెర్నెలుకు అవసరమైన ప్రోగ్రాములన్నిటిని చేర్చి స్థాపించుటకు వీలుగా అందించు మూటను పంపిణీ అందురు. డెబియన్ 1993లో, ఉబుంటు 2004లో, లినక్స్ మింట్ 2006లో మొదలైనవి. బ్యారీ కౌలర్ 2003లో ప్రారంభించిన పప్పీ లినక్స్ చిన్న యంత్రాలకు ప్రసిద్ధి. భారతదేశములో సీ-డాక్ సంస్థ డెబియన్ ఆధారంగా బాస్ అను పంపిణీని, హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు అనువాదముతో కూడిన పంపిణీని రూపొందించినవి.

== యంత్ర పరీక్ష ==

స్థాపనకు పూనుకొనుటకు ముందు యంత్రము ఆరోగ్యముగా ఉన్నదో లేదో తెలుసుకొనవలెను. యంత్రభాగాలలోని లోపాన్ని కొత్త వ్యవస్థ లోపముగా భ్రమించి విసుగు చెందుట ప్రారంభకులలో సాధారణము.

* విద్యుత్తు: కొన్ని పాత డెస్క్‌టాప్ యంత్రాల వెనుక, ఎస్ఎంపీఎస్ పెట్టెపై 115 మరియు 230 వోల్టుల మధ్య మార్చు చిన్న మీట ఉండును. భారతదేశములో అది 230 వద్ద ఉండవలెను. 115 వద్ద ఉంచి విద్యుత్తు ఇచ్చినచో పెట్టె కాలిపోవును. ఎస్ఎంపీఎస్ పెట్టెను సాధారణ వాడుకరి విప్పరాదు. విద్యుత్తు తీసివేసిన తరువాత కూడా దానిలో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉండును.
* దుమ్ము: విద్యుత్తు తీగను తొలగించి, ఆన్ మీటను ఒకసారి నొక్కి, ఆ పిమ్మట మూత తీయవలెను. భాగాలను తాకుటకు ముందు పెట్టె యొక్క లోహభాగాన్ని తాకినచో శరీరములోని స్థిర విద్యుత్తు తొలగిపోవును. మెత్తని కుంచెతో పంకాలపై, వేడిని తగ్గించు లోహపు పలకలపై పేరుకొన్న దుమ్మును దులపవలెను. దుమ్ము వలన ప్రాసెసరు వేడెక్కి యంత్రము నెమ్మదించును, లేక దానంతటదే ఆగిపోవును.
* కెపాసిటర్లు: మదరుబోర్డుపై నిలువు గొట్టముల వలె ఉండు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నచో అట్టి యంత్రాన్ని కొనకుండుట మంచిది.
* ర్యామ్: ఆన్ చేయగానే తెరపై ఏమియు కనిపించక, పదే పదే బీప్ శబ్దము వచ్చినచో ర్యామ్ పలక సరిగా కూర్చొనలేదని అనుమానించవచ్చును. పలకను తీసి దాని బంగారురంగు అంచును మెత్తని పెన్సిలు రబ్బరుతో సున్నితంగా తుడిచి, పొట్టు దులిపి, తిరిగి గట్టిగా అమర్చినచో చాలాసార్లు సరియగును. మెమ్‌టెస్ట్86+ అను ప్రోగ్రాముతో ర్యామ్‌ను క్షుణ్ణంగా పరీక్షించవచ్చును.
* గడియారపు బ్యాటరీ: మదరుబోర్డుపై నాణెము వంటి సీఆర్2032 బ్యాటరీ ఉండును. ఇది అయిపోయినచో ఆన్ చేసిన ప్రతిసారి తేదీ చాలా సంవత్సరాలు వెనుకకు పోవును. తేదీ తప్పుగా ఉన్నప్పుడు భద్రమైన వెబ్‌సైట్లు తెరుచుకొనవు. ఏలనగా వాటి ధ్రువపత్రాలకు కాలపరిమితి ఉండును. కొత్త బ్యాటరీ వేసినచో ఈ చిక్కు తొలగును.
* హార్డ్ డిస్కు: టకటకమను శబ్దము వచ్చు డిస్కును నమ్మరాదు. డిస్కు తన స్థితిని తానే నమోదు చేసుకొను స్మార్ట్ అను ఏర్పాటును లినక్స్‌లోని డిస్కుల ప్రోగ్రాము ద్వారా చూడవచ్చును. చెడిపోయి పక్కకు పెట్టబడిన విభాగాల సంఖ్య పెరుగుచున్నచో డిస్కును మార్చవలెను.

డబ్బు ఖర్చు పెట్టగలిగినచో మొదట పాత హార్డ్ డిస్కు స్థానములో ఎస్ఎస్‌డీ, తరువాత అదనపు ర్యామ్ అమర్చుట మేలు. ఈ రెండింటి వలన కలుగు వేగము మరి ఏ మార్పు వలనను కలుగదు. అయితే మిక్కిలి పాత యంత్రాలలో వెడల్పాటి తీగ గల ఐడీఈ పద్ధతి ఉండును. వాటికి సాటా ఎస్ఎస్‌డీ నేరుగా అమరదు. అట్లే డీడీఆర్2 ర్యామ్ పలక డీడీఆర్3 గాడిలో పట్టదు. కొనుటకు ముందు పాత పలకపై ఉన్న చీటీని చదివి అదే రకము తీసుకొనవలెను.

== తగిన పంపిణీని ఎన్నుకొనుట ==

ఎన్నికకు ముందు రెండు విషయాలు తెలియవలెను. ఒకటి ప్రాసెసరు 32 బిట్లదా, 64 బిట్లదా అనునది. రెండవది ర్యామ్ పరిమాణము. ఏఎండీ సంస్థ 2003లో, ఇంటెల్ సంస్థ 2004లో ఈ తరహా 64 బిట్ల ప్రాసెసర్లను విపణిలోనికి తెచ్చినవి. కాబట్టి అంతకు పూర్వపు యంత్రాలు 32 బిట్లవే. ఆ తరువాత కొంతకాలము రెండు రకములును వెలువడినవి.

32 బిట్ల యంత్రాలకు అవకాశాలు క్రమముగా తగ్గినవి. గూగుల్ క్రోమ్ 32 బిట్ల లినక్స్‌కు 2016లోనే మద్దతు మానినది. ఉబుంటు 2017లో తన 32 బిట్ల డెస్క్‌టాప్ డిస్కును, లినక్స్ మింట్ 2020లో తన 20వ సంచికతో 32 బిట్ల రూపాన్ని నిలిపివేసినవి. డెబియన్ పంపిణీలో 32 బిట్ల పీసీలకు స్థాపక డిస్కు గల చివరి సంచిక 2023లో వెలువడిన 12వది. 2025 ఆగస్టులో వెలువడిన 13వ సంచికలో అది లేదు. యాంటిఎక్స్ 23వ సంచిక 2023లో రెండు రూపాలలోను విడుదలైనది.

ర్యామ్‌ను బట్టి ఎన్నికకు ఈ క్రింది విభజన ఉపకరించును.

* 512 మెగాబైట్ల నుండి 1 గిగాబైటు వరకు: యాంటిఎక్స్, పప్పీ లినక్స్. రచన, లెక్కలు, పాటలు, పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు చదువుట సాధ్యము. అంతర్జాల విహారము కష్టము.
* 1 నుండి 2 గిగాబైట్లు: ఎల్ఎక్స్‌డీఈ లేక ఎక్స్ఎఫ్‌సీఈ ముంగిలితో డెబియన్. అంతర్జాలమును ఒకటి రెండు పుటలు మాత్రమే తెరచి వాడుకొనవచ్చును.
* 2 నుండి 4 గిగాబైట్లు: లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ రూపము. మింట్‌కు 2 గిగాబైట్ల ర్యామ్, 20 గిగాబైట్ల డిస్కు కనీసముగా చెప్పబడినది. 4 గిగాబైట్లు ఉండుట మంచిది.
* 4 గిగాబైట్లు, ఆపైన: ఇష్టమైన ఏ పంపిణీనైనా ప్రయత్నించవచ్చును.

ఇందు ముంగిలి అనగా తెరపై కనిపించు కిటికీలు, పట్టీలు, బొమ్మల అమరిక. విండోస్‌లో ముంగిలి ఒక్కటే. లినక్స్‌లో గ్నోమ్, కేడీఈ, ఎక్స్ఎఫ్‌సీఈ, ఎల్ఎక్స్‌క్యూటీ మొదలైన వాటిలో ఒకదానిని ఎంచుకొనవచ్చును. మొదటి రెండు ఆకర్షణీయమైనవి, బరువైనవి. చివరి రెండు సాదా అయినవి, తేలికైనవి.

== పాత సమాచారము ==

స్థాపనలో పొరపాటున జరుగు పెద్ద నష్టము పాత ఫైళ్ళు పోవుట. యంత్రము ఇంటిలోనిదే అయినచో ఛాయాచిత్రాలు, ధ్రువపత్రాల నకళ్ళు, ఉత్తరాలు ముందుగా వేరొక డిస్కులోనికి తీసి, ఆ నకళ్ళు మరొక కంప్యూటరులో తెరుచుకొనుచున్నవని స్వయముగా చూచిన తరువాతనే ముందుకు సాగవలెను.

యంత్రము ఇతరుల నుండి కొన్నదైనచో అందులో పూర్వపు యజమాని ఫైళ్ళు మిగిలి ఉండవచ్చును. వాటిని చదువకుండ డిస్కు మొత్తమును తుడిచి స్థాపించుట మర్యాద, క్షేమము కూడా. అదే విధముగా తన పాత యంత్రాన్ని అమ్ముకొనువారు ఫైళ్ళను తొలగించినంత మాత్రమున అవి నశించవని గుర్తుంచుకొనవలెను. మామూలు ఫార్మాట్ చేసిన డిస్కు నుండి కూడా ఫైళ్ళను తిరిగి రాబట్టు ప్రోగ్రాములు కలవు. హార్డ్ డిస్కుపై మొదటి నుండి చివరి వరకు సున్నాలు వ్రాయించినచో అట్టి ప్రోగ్రాములు పనిచేయవు.

== స్థాపన మాధ్యమము ==

పంపిణీ యొక్క అధికారిక వెబ్‌సైటు నుండి ఐఎస్ఓ ఫైలును దించుకొనవలెను. దించుకొన్న ఫైలు అసలైనదేనా అని సరిచూచుటకు దానితోపాటు ఎస్‌హెచ్ఏ256 అను సరిచూపు సంఖ్య ఇవ్వబడును. ఫైలులో ఒక్క అక్షరము మారినను ఈ సంఖ్య మారిపోవును. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వెబ్‌సైటులోనికి చొరబడిన వారు దింపుకోలు లంకెను తమ కల్తీ ఫైలుకు మళ్ళించిరి. అప్పుడు సరిచూచుకొన్నవారు మోసాన్ని గుర్తింపగలిగిరి. చొరబాటుదారులు సైటులోని సంఖ్యను కూడా మార్చగలరు గనుక డిజిటల్ సంతకముతో పోల్చుట మరింత నమ్మదగినది.

ఐఎస్ఓ ఫైలును పెన్‌డ్రైవులోనికి మామూలుగా నకలు తీసినచో పనిచేయదు. రూఫస్ వంటి ప్రోగ్రాముతో వ్రాయవలెను. వ్రాయునప్పుడు ఆ పెన్‌డ్రైవులో అంతకు ముందున్నవన్నియు చెరిగిపోవును. మిక్కిలి పాత యంత్రాలు పెన్‌డ్రైవు నుండి మొదలు కాలేవు. వాటికి డీవీడీ వాడవలెను. సీడీలో 700 మెగాబైట్లు మాత్రమే పట్టును గనుక చాలా పంపిణీలకు అది చాలదు.

ఆన్ చేసిన వెంటనే ఒక ప్రత్యేక మీటను నొక్కి పెన్‌డ్రైవును ఎంచుకొనవలెను. ఈ మీట సాధారణంగా డెల్ యంత్రాలలో ఎఫ్12, హెచ్‌పీ యంత్రాలలో ఎఫ్9, థింక్‌ప్యాడ్ యంత్రాలలో ఎఫ్12. విడిగా కూర్చిన డెస్క్‌టాప్ యంత్రాలలో డిలీట్ లేక ఎఫ్2 మీటతో బయోస్ అమరికలలోనికి వెళ్ళి క్రమమును మార్చవచ్చును. విండోస్ గుర్తు కనిపించినచో ఆలస్యమైనదని అర్థము. అప్పుడు తిరిగి మొదలుపెట్టవలెను.

== స్థాపించకుండ పరీక్షించుట ==

చాలా పంపిణీలను డిస్కుపై స్థాపించకుండగనే పెన్‌డ్రైవు నుండి నడిపి చూడవచ్చును. దీనిని లైవ్ పద్ధతి అందురు. క్లాస్ క్నాపర్ 2000లో విడుదల చేసిన క్నాపిక్స్ ఈ పద్ధతికి ప్రాచుర్యము తెచ్చినది. పెన్‌డ్రైవు నుండి చదువుట నెమ్మది గనుక ఈ దశలో వేగాన్ని బట్టి తీర్పు చెప్పరాదు. చూడవలసినవి ఇవి: తెర సరియైన కొలతలో ఉన్నదా, శబ్దము వినిపించుచున్నదా, వైఫై కనిపించుచున్నదా, కీబోర్డులోని అన్ని మీటలు పనిచేయుచున్నవా, ప్రింటరు గుర్తింపబడినదా. ఇవన్నియు సరిగా ఉన్నచో స్థాపన తరువాత చిక్కులు తక్కువ.

== స్థాపన క్రమము ==

స్థాపకము వరుసగా భాష, కీబోర్డు, కాలమండలము, డిస్కు విభజన, వాడుకరి పేరు, సంకేతపదము అడుగును. వీటిలో డిస్కు విభజన ఒక్కటే జాగ్రత్త కోరునది. ఇందులో రెండు మార్గాలు కలవు.

మొదటిది డిస్కు మొత్తమును చెరిపి లినక్స్‌కే ఇచ్చుట. ఇది సులభము, పాత యంత్రాలకు తగినది. రెండవది విండోస్‌ను ఉంచి దాని పక్కన స్థాపించుట. అప్పుడు ఆన్ చేసిన ప్రతిసారి గ్రబ్ అను పట్టిక కనిపించి ఏ వ్యవస్థ కావలెనో అడుగును. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు నేర్చుకొను టాలీ వంటి ప్రోగ్రాములు విండోస్ కొరకు నిర్మింపబడినవి. వాటి అవసరము ఉన్నవారు, అనుమతి గల విండోస్ తమ వద్ద ఉన్నచో, రెండవ మార్గమును అనుసరించుట మేలు.

విభజనను స్వయముగా చేయువారు మూడు భాగాలు చేయుట వాడుక. మూలభాగములో వ్యవస్థ ఉండును. హోమ్ భాగములో వాడుకరి ఫైళ్ళు ఉండును. స్వాప్ భాగము ర్యామ్ చాలనప్పుడు తోడ్పడును. హోమ్ వేరుగా ఉన్నచో, మున్ముందు వ్యవస్థను తిరిగి స్థాపించవలసి వచ్చినప్పుడు దానిని ఫార్మాట్ చేయకుండ వదలి సొంత ఫైళ్ళను నిలుపుకొనవచ్చును.

సంకేతపదమును మరచిపోకూడదు. వ్యవస్థలో మార్పు చేయు ప్రతిసారి అది అవసరమగును.

== విండోస్‌తో భేదములు ==

* డ్రైవు అక్షరాలు లేవు: విండోస్‌లోని సీ, డీ డ్రైవుల వంటివి లినక్స్‌లో ఉండవు. అన్నియు ఒకే మూలము నుండి చెట్టు కొమ్మల వలె విస్తరించును. పెన్‌డ్రైవు కూడా ఆ చెట్టులో ఒక కొమ్మగానే చేరును. వాడుకరి సొంత ఫైళ్ళు హోమ్ సంచయములో అతని పేరుతో ఉండును.
* పెద్ద, చిన్న అక్షరముల తేడా: ఇంగ్లీషులో పేరు పెట్టిన ఫైళ్ళకు పెద్దబడి, చిన్నబడి అక్షరాలు వేరుగా లెక్కింపబడును. కాబట్టి ఒకే పేరు రెండు విధాలుగా వ్రాసినచో రెండు ఫైళ్ళగును.
* అధికారము: రోజువారీ పనులకు సాధారణ వాడుకరి అధికారము చాలును. ప్రోగ్రాములు స్థాపించుట వంటి పనులకు మాత్రమే సంకేతపదము అడుగును. సంకేతపదము వ్రాయునప్పుడు ఆదేశ తెరపై చుక్కలు కూడా కనిపించకపోవచ్చును. యంత్రము ఆగిపోయినదని కంగారు పడనక్కరలేదు.
* ప్రోగ్రాముల సేకరణ: కొత్త ప్రోగ్రాము కొరకు వెబ్‌సైట్లలో వెతకనవసరము లేదు. పంపిణీ తన భాండాగారములో వేలాది ప్రోగ్రాములను సిద్ధముగా ఉంచును. వాటి నుండి స్థాపించినవి వ్యవస్థతోపాటు తాజా అగును.
* కార్యాలయ ప్రోగ్రాములు: ఉత్తరాలకు, పట్టికలకు లిబ్రెఆఫీస్, బొమ్మలకు గింప్, వీడియోలకు వీఎల్‌సీ, విహరణకు ఫైర్‌ఫాక్స్ ఉపయోగపడును. వైన్ అను ప్రోగ్రాము ద్వారా కొన్ని విండోస్ ప్రోగ్రాములను నడుపవచ్చును, అన్నిటిని కాదు.

== ఆదేశ పంక్తి ==

రోజువారీ పనులకు మౌసు చాలును. అయినను టెర్మినల్ అను నల్లని కిటికీలో కొన్ని ఆదేశాలు నేర్చినచో సమస్యలు వచ్చినప్పుడు ఉపకరించును. ఆదేశాలు ఇంగ్లీషు అక్షరాలలో, చిన్నబడిలో వ్రాయవలెను.

* ఎల్‌ఎస్: సంచయములోని ఫైళ్ళ జాబితా చూపును.
* సీడీ: ఒక సంచయము నుండి మరొకదానికి వెళ్ళుటకు.
* పీడబ్ల్యూడీ: ప్రస్తుతము ఏ సంచయములో ఉన్నదీ తెలుపును.
* సీపీ, ఎంవీ: వరుసగా నకలు తీయుటకు, తరలించుటకు లేక పేరు మార్చుటకు.
* ఆర్ఎం: ఫైలును తొలగించుటకు. దీనితో తొలగించినవి చెత్తబుట్టలోనికి పోవు, నేరుగా పోవును. కావున ఎంటర్ మీట నొక్కుటకు ముందు పంక్తిని రెండుసార్లు చదువవలెను.
* మ్యాన్: ఏ ఆదేశము గురించియైనను వివరణ పుటను చూపును.
* ఎల్ఎస్‌సీపీయూ: ప్రాసెసరు 32 బిట్లదో, 64 బిట్లదో తెలుపును.

ఎక్కడో చదివిన ఆదేశాన్ని అర్థము తెలియకుండ నిర్వాహక అధికారముతో నడుపరాదు. మొత్తము వ్యవస్థను చెరిపివేయు ఆదేశాలను హాస్యమునకు వ్రాసిపెట్టువారు కూడా ఉందురు.

== తెలుగు వాడుక ==

ఆధునిక లినక్స్ పంపిణీలు యూనికోడ్‌ను ఉపయోగించును. తెలుగు అక్షరాలకు బదులు గళ్ళు కనిపించినచో ఫాంట్లు లేవని అర్థము. లోహిత్ తెలుగు, నోటో తెలుగు, పోతన 2000, వేమన 2000 మొదలైన ఫాంట్లు ఉచితముగా లభించును.

వ్రాయుటకు కీబోర్డు అమరికలలో తెలుగును చేర్చినచో ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి లభించును. ఇందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎక్కువగా ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉండును. సంయుక్తాక్షరము కొరకు మధ్యలో పొల్లు నొక్కవలెను. ఉదాహరణకు క, పొల్లు, ష వరుసగా నొక్కినచో క్ష వచ్చును. ఇంగ్లీషు అక్షరాల ఉచ్చారణను బట్టి వ్రాయదలచిన వారు ఐబస్, ఎం17ఎన్ మూటలను స్థాపించి ఆర్‌టీఎస్ పద్ధతిని ఎంచుకొనవచ్చును. యాపిల్, పోతన అమరికలు కూడా అందులో ఉన్నవి.

డీటీపీ కేంద్రాలలో అను ఫాంట్లతో కూర్చిన పాత పత్రాలు యూనికోడ్‌లో ఉండవు. పేజ్‌మేకరు ఫైళ్ళను లిబ్రెఆఫీస్ 2015 నుండి కొంతవరకు తెరువగలుగుచున్నది. అయినను అక్షరాలు అర్థము కాని గుర్తులుగా కనిపించును. అట్టివాటిని యూనికోడ్‌లోనికి మార్చు పరికరములతో మార్చుకొనవలెను. పెళ్ళి శుభలేఖల నుండి పాఠశాల ప్రశ్నపత్రాల వరకు ఇట్టి పత్రాలు తెలుగునాట చాలా ఉన్నందున, డీటీపీ పని చేయువారు దీనిని ముందుగా ఆలోచించుకొనవలెను.

== సాధారణ సమస్యలు ==

* వైఫై కనిపించకపోవుట: కొన్ని వైఫై చిప్పులకు ప్రత్యేక ఫర్మ్‌వేరు కావలెను. దానిని దించుకొనుటకే అంతర్జాలము లేదు గదా అను చిక్కు వచ్చును. ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ ఆన్ చేసినచో సాధారణంగా అంతర్జాలము లభించును. డెబియన్ 12వ సంచిక నుండి స్వేచ్ఛారహిత ఫర్మ్‌వేరు కూడా అధికారిక డిస్కులోనే ఇవ్వబడుచున్నది.
* గడియారములో ఐదున్నర గంటల తేడా: విండోస్, లినక్స్ రెండును ఉన్న యంత్రములో ఇది వచ్చును. విండోస్ యంత్రగడియారములో స్థానిక సమయాన్ని, లినక్స్ సార్వత్రిక సమయాన్ని ఉంచును. భారత కాలమానము సార్వత్రిక సమయము కంటె 5 గంటల 30 నిమిషములు ముందున్నది. లినక్స్‌ను స్థానిక సమయానికి మార్చినచో సరియగును.
* విండోస్ భాగములో వ్రాయలేకపోవుట: విండోస్‌ను పూర్తిగా ఆపక నిద్రావస్థలో ఉంచినప్పుడు, లేక వేగ ప్రారంభము ఆన్‌లో ఉన్నప్పుడు, లినక్స్ ఆ భాగమును చదువుటకు మాత్రమే అనుమతించవచ్చును. విండోస్‌లో ఆ అమరికను తొలగించి, పూర్తిగా ఆపవలెను.
* ప్రింటరు: కప్స్ అను వ్యవస్థ ద్వారా అనేక ప్రింటర్లు వెంటనే పనిచేయును. హెచ్‌పీ ప్రింటర్లకు హెచ్‌పీలిప్ అను మూట కలదు. జిరాక్సు దుకాణాలలో విరివిగా కనిపించు కానన్ ఎల్‌బీపీ 2900 వంటివి క్యాప్ట్ అను సొంత పద్ధతిని వాడును గనుక వాటికి ప్రత్యేక డ్రైవరు స్థాపించవలెను.
* నల్లని తెర: గ్రాఫిక్ చిప్పుకు తగిన డ్రైవరు లేనప్పుడు కలుగును. ప్రారంభ పట్టికలో సురక్షిత లేక అనుకూల రీతిని ఎంచుకొని ప్రయత్నించవలెను.

== పరిమితులు ==

లినక్స్ పాత యంత్రమును కొత్తదిగా మార్చలేదు. వ్యవస్థ తేలికైనను వెబ్‌సైట్లు బరువెక్కినవి. ఒక్క విహరిణియే ఒక గిగాబైటు ర్యామ్‌ను మించి కోరవచ్చును. నేటి విహరిణులకు ఎస్ఎస్ఈ2 అను ప్రాసెసరు సౌకర్యము తప్పనిసరి. ఇది పెంటియం 4తో 2000లో వచ్చినది. కావున పెంటియం 3, అథ్లాన్ ఎక్స్‌పీ వంటి ప్రాసెసర్లలో అవి నడువవు. ఫైర్‌ఫాక్స్ కూడా 2025 నవంబరులో వెలువడిన 145వ సంచికతో 32 బిట్ల లినక్స్‌ను వదలినది. అట్టి యంత్రాలు అంతర్జాలము లేకుండ టైపింగు, ప్రోగ్రామింగు, లెక్కలు నేర్చుకొనుటకు ఉపకరించును. ఆన్‌లైన్ తరగతుల కొరకు యంత్రము కొను విద్యార్థి 64 బిట్ల ప్రాసెసరు, 4 గిగాబైట్ల ర్యామ్ కంటె తక్కువ తీసుకొనకుండుట మంచిది. పాత డెస్క్‌టాప్ యంత్రాలు కొత్త ల్యాప్‌టాప్‌ల కంటె ఎక్కువ విద్యుత్తు వాడును.

ఇక పనికిరాదని తేలిన యంత్రమును చెత్తకుండీలో వేయరాదు. పాత గాజు తెరలలోను, బోర్డుల అతుకులలోను సీసము ఉండును. భారతదేశములో ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు 2012లో అమలులోనికి వచ్చినవి. వాటి స్థానములో 2022 నాటి నియమాలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలగుచున్నవి. నమోదైన పునర్వినియోగ సంస్థలకు అప్పగించుట సరియైన పద్ధతి. ర్యామ్, డిస్కు, విద్యుత్తు తీగ వంటి బాగున్న భాగాలు మరొక పాత యంత్రమునకు ఉపయోగపడును గనుక వాటిని ముందుగా వేరుచేసి ఉంచుకొనవచ్చును.

== ఇవి కూడా చూడండి ==

* లినక్స్
* నిర్వహణ వ్యవస్థ
* స్వేచ్ఛా సాఫ్టువేరు
* డెబియన్
* యూనికోడ్
* ఇన్‌స్క్రిప్ట్
* ఈ-వ్యర్థాలు